చట్టం ముందు, మనసు తరువాత: తైవాన్‌లో స్వలింగ వివాహాలు

2018 నవంబరు 24న తైవాన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, పౌరస్మృతి ప్రకారం వివాహమంటే స్త్రీ పురుషుల మధ్య బంధమే కావాలన్న ప్రతిపాదనకు ఓటేసినవారిలో 70 శాతానికి పైగా మద్దతు పలికారు. ఆ ఏడాది ప్రభుత్వ సర్వేలో స్వలింగ జంటలకు పెళ్లి చేసుకునే హక్కు ఉండాలన్నవారు 37.4 శాతం మాత్రమే. 2024 నాటికి అది 69.1 శాతానికి పెరిగింది. ఆరేళ్లలో ఒక తరం పోయి మరో తరం రాదు కనుక, ఒకప్పుడు కాదన్నవారిలోనే చాలామంది మనసు మార్చుకున్నారని అర్థం చేసుకోవాలి.

ఈ మార్పు వెనుక సుదీర్ఘ పోరాటం ఉంది. చీ చియా-వే అనే ఉద్యమకారుడు తన వివాహాన్ని గుర్తించమని 1986లోనే కోరి తిరస్కారం పొందారు. మూడు దశాబ్దాల తరువాత ఆయన వేసిన కేసులోనే రాజ్యాంగ న్యాయస్థానం 2017 మే 24న స్వలింగ జంటలకు అనుకూలంగా తీర్పు చెప్పి, చట్టం చేయడానికి రెండేళ్ల గడువిచ్చింది. ప్రజల ఓటు ఒకవైపు, న్యాయస్థానం ఆదేశం మరోవైపు నిలిచినప్పుడు అక్కడి పార్లమెంటు పౌరస్మృతిని ముట్టుకోకుండా విడిగా ఒక చట్టం చేసింది. అది 2019 మే 24న అమలులోకి వచ్చిన రోజే 500కు పైగా జంటలు పెళ్లిళ్లు నమోదు చేయించుకున్నాయి. మరుసటి ఏడాది సైన్యం జరిపించిన సామూహిక వివాహాలలో రెండు స్వలింగ జంటలు కూడా ఉన్నాయి.

చట్టం వస్తే మనసులు ఎందుకు మారతాయి? అమెరికా సుప్రీంకోర్టు 2015 జూన్ 26న దేశమంతటా ఈ వివాహాలను చట్టబద్ధం చేసినప్పుడు, మార్గరెట్ టాంకర్డ్, ఎలిజబెత్ పాలక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తీర్పుకు ముందూ తరువాతా ప్రజల ఆలోచనలను పరిశీలించారు. వ్యక్తుల సొంత అభిప్రాయాలు వెంటనే మారలేదు; కానీ సమాజంలో ఎక్కువమంది దీనిని సమర్థిస్తున్నారన్న భావన మాత్రం వారిలో బలపడింది. కొడుకు పెళ్లి గురించి నలుగురూ ఏమనుకుంటారోనని భయపడే తల్లిదండ్రులకు ఈ తేడా చిన్నది కాదు. ఆ భయం సడలితే పెళ్లి బహిరంగంగా జరుగుతుంది, బంధువులు వస్తారు, ఇరుగుపొరుగు చూస్తారు. అలాంటి ప్రత్యక్ష పరిచయం ద్వేషాన్ని తగ్గించగలదని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే వాదించారు.

అయితే చట్టం ప్రభావం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 2019లో వెలువడిన మరో అధ్యయనం, దాదాపు పది లక్షల మంది అమెరికన్ల సమాధానాలను పరిశీలించి, తమంతట తాము ఈ వివాహాలను అనుమతించిన రాష్ట్రాలలో వ్యతిరేకత అంతకుముందుకన్నా వేగంగా తగ్గిందనీ, కేంద్ర స్థాయి తీర్పు వల్లనే అమలు చేయవలసివచ్చిన రాష్ట్రాలలో కొంత పెరిగిందనీ గుర్తించింది. తైవాన్‌లోనూ మొదటి అడుగు న్యాయస్థానానిదే అయినా, చట్టాన్ని రాసి ఆమోదించింది ప్రజలు ఎన్నుకున్న సభ. ఎదురుదెబ్బ తగలకపోవడానికి అది ఒక ముఖ్య కారణమని నేను భావిస్తాను.

మన దేశంలో ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు ముందుకు తెచ్చినవారిలో, 2021లో బంధుమిత్రుల సమక్షంలో పెళ్లి వేడుక జరుపుకున్న హైదరాబాద్ జంట ఒకటి. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వివాహ హక్కును గుర్తించడానికి నిరాకరించి, నిర్ణయాన్ని చట్టసభలకు వదిలింది. 2024లో కేంద్రం, ఇలాంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి అభ్యంతరం లేదనీ, రేషన్ కార్డు విషయంలో వారిని ఒకే కుటుంబంగా చూడాలనీ స్పష్టం చేసింది. ఇవి నిజంగా అవసరమైన వెసులుబాట్లే. కానీ వీలునామా లేకుండా చనిపోయిన భాగస్వామి ఆస్తిలో వారసత్వమూ, ఇద్దరూ కలిసి బిడ్డను దత్తత తీసుకునే హక్కూ ఆ జంటలకు ఇప్పటికీ దక్కలేదు.