మొండి బ్యాక్టీరియాకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి

షుగరు వ్యాధి ఉన్న రైతు కాలికి తుమ్మముల్లు గుచ్చుకొని, పుండు మానక, ఊళ్లో దొరికిన యాంటీబయాటిక్ మాత్రలన్నీ మింగి, చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి చేరడం రాయలసీమ వైద్యులకు కొత్త సంగతి కాదు. చీములోని బ్యాక్టీరియాను పరీక్షశాలలో పెంచి, పళ్లెం మీద పలుచగా పరచి, వేర్వేరు మందులు ఇంకించిన చిన్న కాగితపు బిళ్లలను దానిపై అమరుస్తారు. మరునాటికి పళ్లెమంతా బ్యాక్టీరియా పొర కమ్ముకుంటుంది. పనిచేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ మొలవని వలయం మిగులుతుంది. ఏ ఒక్క బిళ్ల చుట్టూనూ వలయం కనిపించకపోతే వైద్యుడికి దారులు దాదాపు మూసుకుపోయినట్లే. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది మరణించారని అంచనా.

ఇన్నాళ్లూ ఒక మందు ఓడిపోతే మరింత బలమైన మందును వెతికాము. బ్యాక్టీరియా దానికీ అలవాటు పడింది. ఇప్పుడు వస్తున్న వాటిలో నాకు ఎక్కువ ఆశ కలిగించేవి బ్యాక్టీరియా అవసరాన్నే, దాని రక్షణనే దానిపైకి తిప్పే చికిత్సలు. ఉదాహరణకు, ఇనుము లేనిదే బ్యాక్టీరియా పెరగలేదు గనుక, ఇనుమును పట్టి తెచ్చే అణువులను బయటికి వదిలి మళ్లీ లోపలికి లాక్కుంటుంది. అమెరికాలో 2019లో అనుమతి పొందిన సెఫిడెరొకాల్ అనే మందు ఇనుమును అంటిపెట్టుకొని అదే దారిలో లోపలికి ప్రవేశిస్తుంది.

అంతకన్నా విశేషమైనవి ఫేజులు, అంటే బ్యాక్టీరియాను మాత్రమే వేటాడే వైరస్‌లు. ఫెలిక్స్ డెరెల్ అనే శాస్త్రవేత్త 1917లోనే వీటిని వర్ణించి, ఆ తర్వాత చికిత్సకూ వాడిచూశాడు. పెన్సిలిన్ వచ్చాక చాలా దేశాలు వీటిని మరచినా, జార్జియా రాజధాని టిబిలిసిలో ఆ వైద్యం ఆగలేదు. బ్యాక్టీరియా ఉన్నచోటల్లా ఫేజులుంటాయి కాబట్టి, హంద్రీ తుంగభద్రలో కలిసేచోటి నీరైనా, కడప మురుగు కాల్వ నీరైనా వాటిని వెతకడానికి పనికివస్తుంది. ఆ నీటిని బ్యాక్టీరియా దూరలేనంత సన్నని జల్లెడలో వడగట్టి, రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాతో కలిపి పళ్లెంలో పోస్తే, ఫేజు పనిచేసినచోట మరునాటికి తేటగా చిన్న చుక్కలు ఏర్పడతాయి.

యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కనెక్టికట్‌లోని ఒక చెరువులో కనుగొన్న ఫేజు సంగతి మరీ ఆసక్తికరం. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా తన లోపలికి చేరిన మందులను పంపుల ద్వారా బయటికి తోసేస్తుంది. ఈ ఫేజు ఆ పంపునే పట్టుకొని దాడి చేస్తుంది. పంపును ఉంచుకుంటే ఫేజు చంపుతుంది. వదులుకుంటే పాత మందులే మళ్లీ పనిచేస్తాయి. మహాధమనికి అమర్చిన కృత్రిమ గొట్టంలో ఈ బ్యాక్టీరియా తిష్ఠవేసిన ఒక రోగికి ఈ ఫేజును, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌ను కలిపి ఇవ్వగా ఇన్ఫెక్షన్ తగ్గి, తిరగబెట్టలేదని 2018లో ప్రచురించారు. ఒక్క రోగి అనుభవం రుజువు కాదు, పెద్ద పరీక్షలు జరగాలి; అయినా ఆ తర్కం ఎంతో బలమైనది.

అయితే ఒక్కొక్క ఫేజు ఒక జాతి బ్యాక్టీరియాలో కూడా కొన్ని రకాలనే చంపుతుంది. అందుచేత రోగిలో ఉన్నది ఏ బ్యాక్టీరియానో ముందుగా తెలియకపోతే ఈ చికిత్సకు మొదలే లేదు. బ్యాక్టీరియాను గుర్తించే ఆ పని కర్నూలు, అనంతపురం, కడప బోధనాసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాలతో ఆగక, ఏరియా ఆసుపత్రుల స్థాయికి కూడా అందాలి. యాంటీబయాటిక్ పడ్డాక తీసిన నమూనాలో బ్యాక్టీరియా ఒక్కోసారి మొలవదు కాబట్టి, రోగి పరిస్థితి అనుమతించినంతవరకు నమూనాను మొదటి మోతాదుకు ముందే తీయాలి.