ముట్టుకు ముందు మరక

డేట్ ఇంకా రెండు రోజులుందనగా బట్టకు గోధుమరంగు మరక అంటుతుంది. ప్యాడ్ పెట్టుకునేంత ఉండదు. మర్నాడు మళ్ళీ కాస్త కనిపిస్తుంది, మూడో రోజుకు అసలు ముట్టు మొదలవుతుంది. ఒకటి రెండు రోజులకు మించకుండా, నెలనెలా ఒకే తీరుగా వచ్చిపోతుంటే దీనికి మందు అక్కర్లేదు.

అండం విడుదలైన చోట మిగిలిన పొర కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. గర్భసంచి లోపల మందంగా పెరిగిన పొర ఊడిపోకుండా నిలబెట్టేది ఈ హార్మోనే. గర్భం నిలవకపోతే పన్నెండు పద్నాలుగు రోజులకు గ్రంథి వాడిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొరలోని మెలికల రక్తనాళాలు బిగుసుకుని పొర ఊడివస్తుంది. హార్మోన్ ఒక్కసారిగా పడితే ముట్టు కూడా ఒక్కసారే మొదలవుతుంది. మెల్లగా తగ్గితే పొర అక్కడక్కడ ముందే రాలుతుంది. ఆ కొద్దిపాటి రక్తం బయటపడేసరికి గంటలు గడుస్తాయి, ఆలోగా దానిలోని ఇనుము ఆక్సీకరణ చెంది రంగు మారుతుంది. అంతేగాని అది చెడు రక్తం కాదు.

మేడారం జాతరకు డేట్ అడ్డమొస్తుందని వేసుకునే గోలీలు పనిచేసేది కూడా ఈ లెక్క మీదే. ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాములది రోజుకు మూడు చొప్పున, డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి వేసుకుంటారు. ఆపిన రెండు మూడు రోజులకు ముట్టు వస్తుంది. జాతర తొక్కిసలాటలో ఒక పూట గోలీ మరిచిపోతే మరక కనబడటం మామూలే. మరక పడ్డాక మొదలుపెడితే చాలాసార్లు ఆగదు, అప్పటికే పొర రాలడం మొదలైపోయి ఉంటుంది. కాళ్ల రక్తనాళాల్లో గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, గర్భం అనుమానం ఉన్నవాళ్లు వీటి జోలికి పోకూడదు. కారణం తెలియని రక్తస్రావం ఉన్నా అంతే.

మరక వల్ల ఎక్కువగా తప్పేది రోజుల లెక్క. ప్యాడ్ మార్చాల్సినంతగా పారిన రోజే ఒకటో రోజు, మరక రోజు కాదు. పోయిన నెల పారిన రోజు నుంచి ఈ నెల మరక రోజు దాకా లెక్కిస్తే 28 రోజుల చక్రం 26గా కనిపిస్తుంది. పిల్లల కోసం లెట్రోజోల్ వేసుకునేవాళ్లు, ఆరు నుంచి పదో రోజు మధ్య ట్యూబుల ఎక్స్‌రే తీయించుకోవాల్సినవాళ్లు ఈ రెండు రోజుల తేడాతో పొరపాటు రోజున వెళ్తారు.

గర్భం రాకుండా మాలా-ఎన్ గోలీలు వాడుతూ ఒకటి తప్పినా, అందుకే ఇచ్చే అంతర ఇంజెక్షన్ వేయించుకున్న తొలి నెలల్లోనూ, కాపర్-టీ పెట్టించుకున్న మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనూ మరకలు పడుతుంటాయి. ఎమర్జెన్సీ గోలీ వేసుకున్న నెలలో డేట్ వారం ముందుకో వెనక్కో జరగొచ్చు.

గర్భం సంగతి వేరే చూసుకోవాలి. అండం విడుదలైన ఆరు నుంచి పన్నెండు రోజులకు పిండం గర్భసంచి గోడకు అంటుకుంటుంది. అప్పుడు కొందరికి చుక్క కనబడుతుంది, దాన్నే ముట్టు అనుకుంటారు. డేట్ దాటినా పారకపోతే పొద్దున్నే తొలి మూత్రంతో పరీక్ష చేసుకోవాలి. నిశ్చయ్ కిట్ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. రెండు గీతలు వచ్చి, మరకతోపాటు ఒకపక్క పొత్తికడుపు పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ట్యూబులో గర్భం కావచ్చు. ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

మరక మూడు నాలుగు రోజులకు పెరిగినా, కొత్తగా మొదలై వరసగా మూడు నెలలు వచ్చినా, కలయిక తర్వాత కనిపించినా చూపించుకోవాలి. థైరాయిడ్ లోపం, లోపలి పొరలో చిన్న పాలిప్ (కండ పెరుగుదల), ఎండోమెట్రియోసిస్ (లోపలి పొర లాంటిది గర్భసంచి బయట పెరగడం), గర్భాశయ ముఖద్వారంలో ఇన్ఫెక్షన్ తరచుగా బయటపడే కారణాలు. కలయిక తర్వాతి రక్తానికి ముఖద్వారాన్ని స్పెక్యులమ్ అనే పరికరంతో యోని తెరిచి చూడాల్సిందే, కడుపు మీద తీసిన స్కాన్ అందుకు పనికిరాదు.

మరక ముట్టుకు ముందా, తర్వాతా అన్నది కూడా గమనించాలి. సిజేరియన్ కుట్టు దగ్గర గోడ సన్నబడి గుంట పడితే అక్కడ రక్తం నిలిచి, ముట్టు ఆగాక కూడా రోజుల తరబడి కారుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, కరీంనగర్ జిల్లాలో 80 శాతం పైనే. ఇక్కడి డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్న పాత కోత గురించే.

స్కాన్ ఏ రోజున తీశారన్నది రిపోర్టు కంటే ముందు చూడాలి. ముట్టుకు ముందు లోపలి పొర 7 నుంచి 16 మిల్లీమీటర్ల దాకా ఉండటం సహజం. ఆ వారంలో తీసిన స్కాన్‌లో 12 అని ఉంటే పొర వాచిందని భయపెట్టేవాళ్లున్నారు. ముట్టు ఆగగానే, అయిదు నుంచి పదో రోజు మధ్య తీస్తే పొర పలచగా ఉంటుంది, పాలిప్ ఉంటే అప్పుడే స్పష్టంగా తెలుస్తుంది. రిపోర్టులో నాబోథియన్ సిస్ట్ అన్న మాటకు కంగారు పడనక్కర్లేదు, అది ముఖద్వారం మీది హానిలేని చిన్న తిత్తి.

ఇంత చెప్పడం ఎందుకంటే, మన దగ్గర మరకకూ గర్భసంచి తీసేయడానికీ మధ్య దూరం మరీ తక్కువ. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అండాశయాలూ తీసేస్తే ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకల అరుగుదల వయసుకు ముందే మొదలవుతాయి. వాటిని ఉంచినా ముట్లు నిలిచే దశ తొందరగా రావచ్చు. పాలిప్ అయితే కెమెరా గొట్టంతో దాన్నొక్కదాన్నే తీస్తారు. థైరాయిడ్ అయితే గోలీ చాలు. పిల్లలు పుట్టారు కదా, గర్భసంచి ఇంకా ఎందుకని ఎవరైనా అంటే హనుమకొండ ప్రసూతి దవాఖానలోనో, వరంగల్ సీకేఎం ప్రసూతి దవాఖానలోనో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

ముట్లు నిలిచి ఏడాది దాటాక పడే మరకకు మాత్రం పై ఓపిక పనికిరాదు, ఒక్క చుక్కైనా సరే. అప్పుడు పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే సన్నటి గొట్టంతో లోపలి ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దీనికి సాధారణంగా మత్తు అవసరం ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఆ రోజే ఇంటికి రావచ్చు.