రేడియేషన్ హానికి తులసి, పసుపు అడ్డుపడతాయా: ఒక అన్వేషణ నేపథ్యం

మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అని చెప్పుకొనే రేడియోథెరపీ, అంటే క్యాన్సర్‌కు కిరణాలతో చేసే చికిత్స, కణితితో పాటు దాని చుట్టూ ఉన్న మంచి కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. ఆ హానిని తగ్గించే గుణం తులసికీ పసుపుకీ ఉందన్న మాట తరచూ వినిపిస్తుంది. దాని వెనుక నిజమైన పరిశోధనే ఉంది, కానీ అది మొక్కలతో మొదలు కాలేదు.

1949లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో హార్వే పాట్ బృందం, ఎక్స్ కిరణాలు తగలకముందు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చిన ఎలుకలు ఎక్కువగా బతికాయని, తర్వాత ఇస్తే ఆ మేలు లేదని గమనించింది. ఎక్స్ కిరణాలు డీఎన్ఏకు చేసే హానిలో ఎక్కువ భాగం, ఒంట్లోని నీరు విచ్ఛిన్నమై పుట్టే, దగ్గరున్న దేనితోనైనా వెంటనే చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే కణాల ద్వారా జరుగుతుంది. వాటి ఆయుష్షు సెకనులో అత్యల్ప భాగమే కనుక, వాటిని పట్టి ఆపే పదార్థం ఆ క్షణానికే కణంలో సిద్ధంగా ఉండాలి.

అణుయుద్ధ భయంతో అమెరికా సైన్యం తన వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థలో వేల రసాయనాలను పరీక్షించగా, వాటిలో చికిత్సలో నిలదొక్కుకున్నది అమిఫోస్టిన్ అనే మందు. తల, మెడ క్యాన్సర్ రోగుల్లో నోరు ఎండిపోవడాన్ని తగ్గించేందుకు 1999లో అనుమతి పొందినా, వాంతులు, రక్తపోటు పడిపోవడం దాని వాడకాన్ని పరిమితం చేశాయి.

ఇంత విషప్రభావం లేని మందు కోసం చూపు మొక్కల వైపు మళ్లింది. మణిపాల్‌లోని కస్తూర్బా వైద్య కళాశాలలో పి. ఉమాదేవి బృందం 1990లలో తులసి ఆకుల సారం, అందులోని ఒరియెంటిన్, విసెనిన్ అనే ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో సహజంగా ఉండే రసాయనాలు) చిట్టెలుకలను రేడియేషన్ నుంచి కాపాడుతున్నాయని చూపింది. ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన ఇన్మాస్ అనే ప్రయోగశాల హిమాలయాల్లో పెరిగే పోడోఫిల్లమ్ అనే మొక్కను, లడఖ్‌లో పెరిగే సీబక్‌థార్న్ అనే ముళ్ల పొదను పరిశీలించింది. విచిత్రమేమంటే, పోడోఫిల్లమ్ జాతి మొక్కల నుంచే కణాలను చంపే క్యాన్సర్ మందు ఎటోపోసైడ్‌కు మూల పదార్థం లభిస్తుంది.

అయితే మణిపాల్ ప్రయోగాల్లో సారాన్ని చిట్టెలుకలకు సూదితో, కిరణాలకు ముందే ఇచ్చారు. రోజూ నాలుగు తులసి ఆకులు నమలడం దానికి సమానం కాదు. పసుపులోని కుర్క్యుమిన్ రొమ్ము క్యాన్సర్ రోగుల్లో చర్మం కమలడాన్ని తగ్గిస్తుందని 2013లో 30 మందిపై జరిగిన పరీక్ష ఆశ కల్పించినా, తర్వాత 600 మందికి పైగా రోగులతో జరిగిన పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అసలు చిక్కు వేరే ఉంది: మంచి కణాన్ని కాచే పదార్థం క్యాన్సర్ కణాన్ని కూడా కాచవచ్చు. కెనడాలో 540 మంది తల, మెడ క్యాన్సర్ రోగులపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, విటమిన్ ఇ, కొంతకాలం దానితో పాటు బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో చికిత్స దుష్ప్రభావాలు తగ్గాయి గానీ, కణితి అదే చోట తిరగబెట్టే ధోరణి కూడా కొంత ఎక్కువగా కనిపించింది.