కాలవ తవ్వినవాళ్ళ సంతోషం: చెన్నైలోని మన పిల్లలకు ఉత్తరం

పెరంబూరు,
చెన్నై

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఆదివారం యూత్ మీటింగులో మీలో ఒకరు లేచి అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. "తాతయ్యా, చిన్నప్పట్నుంచి చర్చికి వస్తూనే ఉన్నాం, ప్రార్థన చేస్తూనే ఉన్నాం. చదువైంది, ఉద్యోగం కూడా వచ్చింది. మరి లోపల సంతోషం ఎందుకు లేదు?" అప్పటికే తమిళ ఆరాధనవాళ్ళు బయట వరండాలో నిలబడి ఉన్నారు, హాలు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. అయినా ఆ మాట అనగానే మీలో ఎంతమంది తలొంచుకున్నారో చూశాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీరు నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఒక సూట్‌కేసు పట్టుకుని సెంట్రల్లో దిగేటప్పటికే మీకో వరస చెప్పి పంపారు. ముందు చదువు, తర్వాత ఉద్యోగం, ఆన్‌సైట్, పెళ్ళి, ఫ్లాటు. ఒక్కోటి అయ్యేకొద్దీ సంతోషం పెరుగుతుందన్నారు. మనవాళ్ళు కొందరు ఆ వరసకి దేవుణ్ణి కూడా కలిపారు. ఇన్ని రోజులు ఉపవాసముంటే వీసా వస్తుందని, కానుక పెద్దదైతే ప్రమోషన్ ఖాయమని చెప్పే ప్రసంగాలు మీ ఫోన్లలో రోజూ వస్తున్నాయి. నేను వాటిని ఒప్పుకోను. దేవుడు మనం అడిగినవి ఇస్తాడు, నాకూ ఎన్నో ఇచ్చాడు, అందుకు ఆయన్ని స్తుతిస్తాను. కానీ వచ్చిన వస్తువులో సంతోషాన్ని వెతుక్కుంటూ ఇచ్చినవాణ్ణి మర్చిపోతే, ఆరునెలలు తిరక్కుండానే ఆ వస్తువు పాతబడిపోతుంది. మళ్ళీ ఇంకోదాని కోసం ఉపవాసం.

మీలో సగంమంది పనిచేసే ఐటీ ఆఫీసుల రోడ్డు ఓఎంఆర్ పక్కనే బకింగ్‌హామ్ కాలవ ఉంది. తిరువాన్మియూరు వైపు ఎలక్ట్రిక్ ట్రైన్లో వెళ్తుంటే కింద కనబడే నల్లటి నీళ్ళు దానివే. అందరం ముక్కు మూసుకుని దాటేస్తాం. ఆ కాలవతో మన తెలుగు క్రైస్తవుల చరిత్ర ముడిపడి ఉందని మీకెవరైనా చెప్పారో లేదో.

1876లో ధాత కరువు మొదలైంది, 1878 దాకా వదల్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది తిండిలేక చచ్చిపోయారు. ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరకాలని సర్కారు ఈ కాలవ పనులు పెట్టింది. మన ఊళ్ళో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్క 1877-78లో అలా తవ్విందే. ఉత్తరాన ఒంగోలు వైపు మూడున్నర మైళ్ళ ముక్కని జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కాంట్రాక్టు తీసుకున్నాడు. చుట్టుపక్కల పల్లెల జనానికి పని చూపించి ప్రాణం నిలబెట్టాలని ఆయన తాపత్రయం. వేలమంది వచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు. పగలంతా గడ్డపారలు పట్టి, మట్టి తట్టలు మోసి, అలిసిపోయి కూలబడినప్పుడు తెలుగు బోధకులు వాళ్ళ మధ్యన కూర్చుని యేసుప్రభువు సంగతి చెప్పేవాళ్ళు. పని చేయించే మేస్త్రీలూ ఆ బోధకులే. తట్ట బరువు తెలిసినవాళ్ళు చెప్తుంటే ఆ మాట మనసుకెక్కింది.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఆ కరువు పనులు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం దేవుణ్ణి నమ్ముకోవడం అనేది తన చేతుల మీదుగా జరగకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక కూడా జనం గుంపులుగా ఆయన దగ్గరికొచ్చారు. బొబ్బలెక్కిన చేతులు చూపించి, మాకు మీ డబ్బు సాయం వద్దు, కష్టపడి బతుకుతాం, మళ్ళీ పంట పోయి చచ్చిపోయినా క్రీస్తువాళ్ళుగానే చచ్చిపోతాం అని బతిమాలారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే మిగతావాళ్ళు అందుకుంటూ పొద్దుగూకేదాకా ఇచ్చారు. క్లౌ తాను ఇవ్వకుండా ఒడ్డునే ఉండిపోయాడు.

పిల్లలూ, ఆ సాయంత్రం తడిబట్టలతో ఇళ్ళకెళ్ళినవాళ్ళకి ఏం దొరికింది? ఎకరం పొలం రాలేదు. ఊరి బావి తెరుచుకోలేదు. మరుసటి రోజు పొద్దున మళ్ళీ కూలికే వెళ్ళారు. ఎవరూ ముట్టుకోని తమని దేవుడు తన పిల్లలని పిలిచాడనీ, తమ పాపాల కోసం ఆయన కుమారుడు సిలువ మీద చనిపోయి తిరిగి లేచాడనీ, ఇంక తమకి తోడుంటాడనీ నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే పాటలు పాడుకున్నారు, బడులు పెట్టుకున్నారు, ఆడపిల్లల్ని చదివించుకున్నారు. మా తాతల ఊరు ఆ ఏటి వైపే. మీలో చాలామందిది కూడా అటువైపే. ఫ్లాటు కొన్నాక సంతోషం వస్తుందని మనం ఎదురుచూస్తున్నాం, మన ముత్తాతలకి ఇంటిమీద కప్పు సరిగ్గా లేనప్పుడే వచ్చింది.

లూకా సువార్త 18, 19 అధ్యాయాలు ఈ వారం ఒకేసారి కూర్చుని చదవండి. మొదటిదాంట్లో ఒక అధికారి ఉంటాడు. చిన్నప్పట్నుంచి ఆజ్ఞలన్నీ పాటించినవాడు, బాగా డబ్బున్నవాడు. ఉన్నదంతా బీదలకిచ్చి నా వెంట రమ్మని యేసు అడిగితే దిగులుపడిపోయాడు. మీ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చింది అతనే. చిన్నప్పట్నుంచి అన్నీ చేస్తూ వచ్చాడు, లోపల మాత్రం ఇంకా వెలితి. తర్వాతి అధ్యాయంలో యెరికో ఊళ్ళో జక్కయ్య. జనం ఛీకొట్టే సుంకంవాడు. యేసుని చూడాలని మేడిచెట్టెక్కాడు. ఇవాళ మీ ఇంట్లో ఉంటానని ప్రభువు అనగానే గబగబా దిగి సంతోషంగా ఇంటికి తీసుకెళ్ళాడు. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననీ ఆ తర్వాత అన్నాడు. ఇచ్చెయ్యమని అతన్ని ఎవరూ అడగలేదు. వరస గమనించారా? ముందు ప్రభువు ఇంట్లోకొచ్చాడు, సంతోషం వచ్చింది, ఆ సంతోషంలో చెయ్యి తెరుచుకుంది. మనం తలకిందులుగా మొదలుపెడుతున్నాం. బాగా చేస్తే, బాగా ఇస్తే దేవుడు సంతోషపెడతాడని. ముందు ఆయన్ని లోపలికి రానివ్వండి. "ప్రభువా, నాకేం కావాలో తర్వాత చెప్తాను, ముందు నువ్వు నాతో ఉండు" అని పొద్దున్నే, ఫోన్ చేతిలోకి తీసుకోకముందే అడగండి. దాచుకున్న తప్పేదైనా ఉంటే ఆయన ముందు పెట్టెయ్యండి. క్షమాపణ దొరికిన రోజు అన్నం రుచి కూడా వేరేగా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. విశ్వాసం ఉన్నవాళ్ళకి దుఃఖం ఉండదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మీ సంతోషాన్ని ఎవరూ తీసెయ్యలేరని యేసు శిష్యులతో చెప్పింది సిలువకి ముందు రాత్రే. ముందు మీరు ఏడుస్తారని కూడా ఆ రాత్రే చెప్పాడు. రాజుల మొదటి గ్రంథంలో ఏలీయా సంగతి చూడండి. ఎంత గొప్ప ప్రవక్త, బదరీచెట్టు కింద కూలబడి, ఇంక చాలు ప్రభువా, నా ప్రాణం తీసెయ్ అన్నాడు. దేవుడు తిట్టలేదు, విశ్వాసం చాలలేదనలేదు. నిద్రపోనిచ్చాడు. దేవదూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్ళు పెట్టాడు. మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టాడు. మాటలు ఆ తర్వాత.

కాబట్టి మీలో ఎవరికైనా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏదీ చెయ్యబుద్ధి కాకపోయినా, చచ్చిపోవాలనిపించినా, అది పాపం కాదు, భక్తి తక్కువవడం కాదు. డాక్టరు చూడాల్సిన జబ్బు. మా దగ్గరికి రండి, మేం ప్రార్థన చేస్తాం, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్తాం. అర్ధరాత్రయితే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మందులు మింగుతూ ప్రార్థన చేసుకునేవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. వాళ్ళ విశ్వాసం ఎవరికన్నా తక్కువ కాదు.

మీకు సందేహాలున్నాయని తెలుసు. దాచుకోకండి. ఎయిర్‌పోర్టు దారిలో కనబడే పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్) మీదే అపొస్తలుడైన తోమా విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని మన మద్రాసు క్రైస్తవులు పరంపరగా చెప్పుకుంటారు. ప్రభువు తిరిగి లేచాడంటే నమ్మలేదు కాబట్టి సందేహించిన తోమా అని అందరూ అంటారు గానీ, నేను చూసేది ఇంకోటి. ప్రభువు లేచిన ఆదివారం సాయంత్రం శిష్యులు తలుపులేసుకుని కూర్చుంటే ఆయన వచ్చి మధ్యలో నిలబడ్డాడు. వాళ్ళు ఆయన్ని చూసి సంతోషించారు. ఆ పూట తోమా వాళ్ళతో లేడు, ఆ సంతోషం అందుకోలేకపోయాడు. ఎనిమిది రోజుల తర్వాత, సందేహం తీరకుండానే, వచ్చి వాళ్ళ మధ్యన కూర్చున్నాడు. ప్రభువు అతని కోసం మళ్ళీ వచ్చాడు. పీజీ గదిలో పడుకుని లైవ్‌లో ఆరాధన చూసే పిల్లలకి నేను చెప్పేది అదే. సందేహంతోనే రండి, నిద్రమొహంతోనే రండి, వచ్చి మా పక్కన కూర్చోండి.

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రికి మన వైపు నుంచి ఎంతోమంది వస్తారు. తమిళం రాదు, బోర్డులు చదవలేరు. మొన్న మీలో ఒకమ్మాయి నాతో వచ్చింది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఓపీ చీటీ కొంగులో ముడేసుకుని మెట్ల దగ్గర కూర్చుని ఉంది, ఎటెళ్ళాలో తెలియక. ఈ పిల్ల ఆమెని స్కాన్ గదికి తీసుకెళ్ళి, ఆమె వంతు వచ్చేదాకా పక్కనే కూర్చుని, డాక్టరు తమిళంలో చెప్పింది తెలుగులో చెప్పి, మందులు ఏవి పొద్దున వేసుకోవాలో ఏవి రాత్రి వేసుకోవాలో కవర్ల మీద తెలుగులో రాసిచ్చింది. ఆవిడ ఈ పిల్ల గడ్డం పట్టుకుని "నువ్వెవరి బిడ్డవమ్మా?" అంది. బస్‌స్టాపుకొచ్చేదాకా ఆ అమ్మాయి మొహం నేను చూస్తూనే ఉన్నాను.

వచ్చే శనివారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ వెళ్తున్నాం. తమిళం చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్పకుండా కావాలి. టిఫిను మీ అమ్మమ్మ కట్టిస్తుంది. వచ్చేవాళ్ళు శుక్రవారం రాత్రికల్లా నాకు ఫోన్ చెయ్యండి.

ప్రేమతో,
మీ తాతయ్య