పైపు ఒకరిది, రోగి ఒకరిది: హెల్త్ ఆఫీసరు కథ

2018 మార్చిలో గుంటూరులో డయేరియా ప్రబలింది. తాగునీటి పైపుల్లో మురుగు కలిసిందన్నారు. పైపులేమో నగరపాలక సంస్థవి, మంచం పట్టినవాళ్లేమో ప్రభుత్వాసుపత్రిలో. మరి ఊరి ఆరోగ్యానికి పూచీ ఎవరిది? చిత్రమేమిటంటే, ఈ ప్రశ్నకు జవాబు 1939 నుంచీ చట్టంలోనే ఉంది.

అంతకుముందు బ్రిటిష్ వాళ్లకు పట్టింది దండు ఆరోగ్యమే. 1864లో మద్రాసులో శానిటరీ కమిషన్ వేసింది కూడా సైన్యంలో చావులు చూసి బెంబేలెత్తే. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక, మరుసటి ఏడు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. మొత్తం నాలుగే సెక్షన్లు. జనాన్ని ఆపి సోదా చేసే అధికారం అందులో దండిగా ఉంది, మంచినీళ్ల మాట మాత్రం లేదు. నిజాం రాజ్యానిది వేరే దారి. 1911 నాటి ప్లేగు తర్వాత, 1912లో హైదరాబాద్‌లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు బస్తీల మీద పడ్డారు.

1919 నాటి పాలనా సంస్కరణలతో ప్రజారోగ్యం రాష్ట్రాల చేతికి వచ్చింది. 1920ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాకో హెల్త్ ఆఫీసర్ని పెట్టుకుంటూ పోయింది. ఆ అనుభవంలోంచే రాజాజీ ప్రభుత్వ హయాంలో 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం పుట్టింది. అప్పుడు ప్రజారోగ్య మంత్రి టి.ఎస్.ఎస్. రాజన్, స్థానిక పాలన మన బెజవాడ గోపాలరెడ్డిది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ చట్టమే వర్తించింది.

దాన్ని తిరగేస్తే ఆశ్చర్యమేస్తుంది. నీళ్లు, మురుగు కాలువలు, దోమలు పెరిగే గుంటలు, జాతరలు, పూటకూళ్ల ఇళ్లు, అన్నీ హెల్త్ ఆఫీసర్ చూపు కిందికే తెచ్చారు. అంటురోగం కనబడితే వైద్యుడు కబురు చెయ్యాలి. అన్నిటికన్నా గట్టి నిబంధన డబ్బుది: సర్కారు గ్రాంట్లు పోగా మిగిలిన రాబడిలో మున్సిపాలిటీ కనీసం 30 శాతం ప్రజారోగ్యానికి తీసిపెట్టాలి. ఇప్పటి మున్సిపల్ బడ్జెట్ పక్కన పెట్టి చదవాల్సిన వాక్యమిది.

తర్వాత ఏమైంది? ఎవరూ ఆ చట్టాన్ని కొట్టెయ్యలేదు. ఒక్కో రోగానికి ఒక్కో ప్రోగ్రాం ఢిల్లీ నుంచి దిగింది. 1953లో మలేరియా నియంత్రణ పథకం వచ్చింది, ఇంటింటికీ డీడీటీ కొట్టారు. మశూచికి టీకాల వాళ్లు వేరే. 1975కల్లా మశూచి దేశం వదిలింది, అది మామూలు ఘనత కాదు. కానీ ఈలోగా 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పినట్టు, వేర్వేరు పనుల సిబ్బందిని కలిపి బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలను చేశారు. అన్ని పనులూ ఒకరి మీద పడ్డప్పుడు పైవాళ్లు లెక్క అడిగే పనే ముందు జరుగుతుంది. ఆ రోజుల్లో లెక్క అడిగింది కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు. కాలువ గట్టు గురించి అడిగేవాడు లేడు.

కాలువలూ, తాగునీళ్లూ కనిపెట్టి చూసే ఆ పని పెద్ద శాస్త్రమేమీ కాదు. లైను చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర గాజు గొట్టంలో నీళ్లు పట్టి, నాలుగు చుక్కల మందు వేస్తారు. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు రాకపోతే ఎక్కడో పైపు మురుగు కాలువలో మునిగి ఉందేమోనని అనుమానించాలి. మరి అప్పుడు వాల్వు కట్టించే అధికారం ఆ పరీక్ష చేసినవాడికి ఉందా? అది ఇంజినీరింగ్ విభాగం పని. శానిటరీ ఇన్‌స్పెక్టర్ పొద్దు చెత్త బళ్ల హాజరుతోనే సరిపోతుంది. జిల్లాలో డీఎంహెచ్‌వోకు, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలూ, కాన్పులూ, టీకాలూ, మధ్యలో వ్యాధుల నివారణా!

ఇదే చట్టం తమిళనాడుకూ వారసత్వంగా వచ్చింది. వాళ్లు ఆసుపత్రుల శాఖతో కలపకుండా ప్రజారోగ్యానికి విడిగా డైరెక్టరేటు, విడిగా బడ్జెట్టు, నివారణ పనిలోనే పైకెదిగే అధికారుల కేడరు నిలుపుకున్నారు. అక్కడా నీళ్లు కలుషితం కాకపోవు, రోగాలు రాకపోవు. వస్తే మాత్రం జిల్లాలో ఆ పని మీదే ఉండే అధికారి ఒకడు ఉంటాడు.