గర్భిణులకు జలుబు, జ్వరం: రోజూ నా ఓపీలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు ఎక్కువవుతుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. ఆ నెలల్లో చెకప్‌కి వచ్చే గర్భిణుల్లో చాలామందికి దగ్గో జలుబో ఉంటుంది. ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది. తగ్గనివాళ్లు మాత్రం ఇంట్లోవాళ్ల మాటలు విని ఆలస్యంగా వస్తున్నారు. నా బాధంతా అదే.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలే

ఎనిమిదో నెల అమ్మాయిని అత్తగారు తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. ఆయాసం ఉందా అని అడిగితే అత్తగారే జవాబిచ్చారు: "కడుపుతో ఉన్న మనిషి కదా డాక్టరమ్మా, ఆయాసం లేకుండా ఎలా ఉంటుంది?" పొద్దున ఏం తిన్నావమ్మా అని అమ్మాయిని అడిగాను. "రెండు... ఇడ్లీ... తిన్నానండీ." ఆ చిన్న మాటకే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. వేలికి ఆక్సిమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 91 శాతం చూపించింది.

గర్భం పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల కింద ఉండే కండరం (డయాఫ్రం) దాదాపు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది, ఒంటికి కావలసిన ఆక్సిజన్ ఐదో వంతు పెరుగుతుంది. మామూలు రోజుల్లోనే ఇంత సర్దుబాటు చేసుకుంటున్న ఊపిరితిత్తులకు న్యుమోనియా కూడా తోడైతే తట్టుకోలేవు. 2009 స్వైన్‌ఫ్లూ సమయంలో అమెరికా జనాభాలో గర్భిణులు 1 శాతమే, ఆ జబ్బుతో చనిపోయినవాళ్లలో 5 శాతం. కొవిడ్ సోకిన మన గర్భిణులు, బాలింతల్లో మరణాలు మొదటి వేవ్‌లో 0.7 శాతం ఉంటే, రెండో వేవ్‌లో 5.7 శాతానికి చేరాయని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క తేల్చింది.

గర్భం వల్ల వచ్చే ఆయాసం మెట్లెక్కితే వస్తుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. జ్వరం, దగ్గు ఉండి, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట మధ్యలో ఆగుతున్నా, ఆక్సిమీటర్ 95 కన్నా తక్కువ చూపించినా, బిడ్డ కదలిక తగ్గినా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. ఆ అమ్మాయికి వెంటనే ఆక్సిజన్ పెట్టి ఫ్లూ మందు మొదలుపెట్టాం. తొమ్మిదో రోజు ఇంటికెళ్లింది.

అపోహ: మందులు వేసుకుంటే బిడ్డకు ప్రమాదం

జ్వరాన్ని వదిలేయడం కూడా ప్రమాదమే. తొలి మూడు నెలల్లో వచ్చే తీవ్రమైన జ్వరంతో బిడ్డ మెదడు, వెన్నుపాము లోపాల ముప్పు పెరుగుతుంది. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోకండి. 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో అవి ఉండొచ్చు, అందుకే నా భయం.

ఫ్లూ అనుమానం ఉంటే ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ మందును లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. మిరియాల పాలు గొంతుకు హాయి, తాగండి. కానీ వాటినే నమ్ముకుని నాలుగు రోజులు ఇంట్లో కూర్చోకండి.

అపోహ: వైరస్ బిడ్డదాకా పోదు కాబట్టి బిడ్డకేం కాదు

సగం నిజం. ఫ్లూ, కొవిడ్ వైరస్‌లు మాయ దాటి బిడ్డకు చేరడం అరుదే. కానీ తల్లికి ఆక్సిజన్ తగ్గితే బిడ్డకూ తగ్గుతుంది. జబ్బు ముదిరితే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు.

అపోహ: గర్భిణికి ఫ్లూ టీకా వద్దు

ధనుర్వాతం ఇంజక్షన్‌కి ఎవరూ అడ్డు చెప్పరు, ఫ్లూ టీకా అనగానే ఇల్లంతా టెన్షన్ పడుతుంది. ఇంజక్షన్‌గా ఇచ్చే టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. ముక్కులో కొట్టే టీకా మాత్రం గర్భిణులకు ఇవ్వం. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఫ్లూ టీకా వేయడానికి వీల్లేదు. అప్పటిదాకా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే దిక్కు. 2008లో వెలువడిన బంగ్లాదేశ్ అధ్యయనంలో, టీకా వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆరు నెలల వయసు దాకా పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. జాతీయ టీకాల కార్యక్రమంలో ఇది లేదు, చాలామంది కొనుక్కోవాల్సిందే. ఉచితంగా ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: జలుబు చేసిన తల్లి పాలివ్వకూడదు

ఈ మాట వల్ల ముర్రుపాలు పోగొట్టుకున్న బిడ్డల్ని చూశాను. ఫ్లూ బిడ్డకు అంటేది తల్లి దగ్గు, తుమ్ముల ద్వారా, చేతుల ద్వారా. పాలలో రక్షణ ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని పాలివ్వండి. కొవిడ్ సోకిన తల్లులకు కూడా 2020లో డబ్ల్యూహెచ్‌వో ఇదే చెప్పింది.

పాలిచ్చే తల్లి మీద పెట్టే ఆంక్షలు బంధువుల మీద పెట్టండి. బారసాలకు వచ్చి బిడ్డను ముద్దాడే పెద్దమ్మకు, ముక్కు కారుతున్న అన్నయ్యకు ఉన్న మామూలు జలుబు, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వల్ల కావచ్చు. నెలల బిడ్డ ఊపిరికి అది పెద్ద గండం. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ కూడా మానేయండి.

బిడ్డ పాలు తాగడం తగ్గించినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలినా చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అనుమానంగా ఉంటే, బిడ్డ ఏడవకుండా పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలు నిండని బిడ్డకు 60 వచ్చినా, దాటినా ఇంకోసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.