మూత్రం కల్చర్ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

మూత్రంలో మంట అనగానే మెడికల్ షాపుకెళ్లి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చుకోవడం ఇంకా చాలా ఇళ్లలో అలవాటే. ఆ మంటకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మన దేశంలో చాలావరకు ఆ మందుకు లొంగడం మానేసింది. దేనికి లొంగుతుందో తేల్చేది మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షే.

అపోహ: యాంటీబయాటిక్స్ ఎప్పుడూ వాడని వాళ్లకు రెసిస్టెన్స్ (మందుకు లొంగకపోవడం) సమస్య ఉండదు.

వాస్తవం: మందుకు మొండికేసేది బ్యాక్టీరియా, మన ఒళ్లు కాదు. ఆ మొండితనాన్నిచ్చే జన్యువులు ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతాయి. అలాంటివి నీళ్ల ద్వారానో, చేతుల ద్వారానో పేగుల్లోకి చేరితే చాలు.

అపోహ: డబ్బాలో మూత్రం ఎలా పట్టి ఇచ్చినా ఒకటే.

వాస్తవం: తప్పుడు రిపోర్టులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ముందు మంచినీళ్లతో కడుక్కోవాలి. డెట్టాల్ లాంటివి వాడితే అవి శాంపిల్‌లో కలిసి బ్యాక్టీరియాను చంపేస్తాయి. మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది 10-20 మిల్లీలీటర్లు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ (క్రిములు లేని) డబ్బాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు.

రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. 24 గంటల దాకా పనికొస్తుంది. బయట వదిలేస్తే ఏమవుతుందో లెక్క చూడండి: బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపైతే మిల్లీలీటరుకు రెండు వేలున్నవి మూడు గంటల్లో లక్ష దాటుతాయి. సాధారణంగా ఇన్‌ఫెక్షన్ అని లెక్కవేసే హద్దు ఆ లక్షే. అంటే జబ్బు లేకున్నా రిపోర్టులో జబ్బు కనిపిస్తుంది, అక్కర్లేని మందు మొదలవుతుంది. మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయని వస్తే చర్మం మీదివి కలిశాయనే అనుమానించాలి; మళ్లీ శాంపిల్ ఇవ్వడమే మేలు. క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉన్నవారికి యూరిన్ బ్యాగులోంచి అసలు తీయకూడదు, ట్యూబుకున్న శాంపిల్ పోర్టు నుంచి సిరంజితో తీయాలి.

అపోహ: ముందు రెండు మాత్రలు వేసి చూద్దాం, తగ్గకపోతే కల్చర్ చేయిద్దాం.

వాస్తవం: ఒక్క డోసు పడినా బ్యాక్టీరియా ల్యాబ్‌లోని కల్చర్ ప్లేటు మీద పెరగకపోవచ్చు. శాంపిల్ ముందు, మాత్ర తర్వాత. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకూడదు. శాంపిల్ ఇచ్చిన వెంటనే డాక్టర్ మందు మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చాక మారుస్తారు.

అపోహ: రిపోర్టులో ఎమ్ఐసీ అంకె తక్కువున్న మందే బాగా పనిచేస్తుంది.

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు. ఎమ్ఐసీ అంటే ఆ బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే మందు కనీస గాఢత. ప్రతి మందుకూ హద్దు వేరు. ఈ.కోలై విషయంలో నైట్రోఫ్యురాంటోయిన్ ఎదుట 16 ఉంటే సెన్సిటివ్ (లొంగుతుంది), సిప్రోఫ్లాక్సాసిన్ ఎదుట 1 ఉంటే రెసిస్టెంట్ (లొంగదు). అంకెలు పోల్చకండి, పక్కనున్న ఎస్ (సెన్సిటివ్), ఐ (మధ్యస్థం), ఆర్ (రెసిస్టెంట్) అక్షరాలు చూడండి. ఎస్ ఉన్నవాటిలోనూ మెరోపెనెమ్ లాంటి ఆఖరి అస్త్రాలను ప్రాణాపాయ కేసులకు అట్టే పెట్టాలి. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయం దాకానే పనికొస్తుంది. కిడ్నీకి పాకితే చాలదు.

అపోహ: బ్యాక్టీరియా పెరిగిందంటే మందు వాడాల్సిందే.

వాస్తవం: మంట, జ్వరం, మాటిమాటికీ మూత్రం లాంటివేవీ లేకపోతే సాధారణంగా అక్కర్లేదు. వృద్ధుల్లో, షుగర్ ఉన్నవారిలో ఇలా తరచూ కనిపిస్తుంది. చాలాకాలంగా క్యాథెటర్ ఉన్నవారిలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గర్భిణులకు మాత్రం లక్షణాలు లేకున్నా చికిత్స చేయాలి, వదిలేస్తే కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌గా ముదిరే ప్రమాదముంది. మూత్రనాళంలో రక్తం వచ్చే అవకాశమున్న ఆపరేషన్లకు ముందూ అంతే.